పరికరములపై నక్షత్రముల లెక్క: ఇంటియొద్ద సరిచూచుకొను విధము



ఫ్యాను లేని యిల్లు నేడు అరుదు. ఫ్రిజ్జు, గీజరు, చలిగాలి యంత్రము మొదలగునవి కూడ మధ్యతరగతి గృహములలోనికి వచ్చియున్నవి. వీనిని కొనునపుడు పెద్దలు ధరను గూర్చి గట్టిగా బేరమాడుదురు. కాని ఆ పరికరము పది, పదునైదేండ్లు తినబోవు కరెంటునకు చెల్లింపవలసిన సొమ్మును గూర్చి బేరమాడువారు లేరు. ఆ సొమ్ము ఒక్కొక్కప్పుడు పరికరము వెలను మించిపోవును. దానిని ముందుగా అంచనా వేసికొనుటకు మనకున్న యాధారము పరికరముపై నంటించిన నక్షత్రముల లేబులు ఒక్కటియే.

ఆ లేబులుపై మాటలు సాధారణముగా ఇంగ్లీషులో నుండును. అంగడివాడు హోసూరులోనైన తమిళమున, బళ్లారిలోనైన కన్నడమున, బరంపురములోనైన ఒడియాలో దానిని వివరించును. ఇంటిలో తెలుగు మాటలాడు మన తల్లులకు ఆ వివరణము సగమే యందును. కావున లేబులును చదివి, దాని లెక్కను తెలుగులో ఇంటివారికి చెప్పగల బాధ్యత మీపై నున్నది. అందులకు వలసిన గణితము మీరు ఎనిమిదవ తరగతిలోపుననే నేర్చినది.

ఈ పాఠమున రెండు ప్రశ్నలను విచారింతము. లేబులుపై నున్న అంకె యెట్లు పుట్టినది? అది నిజమో కాదో మనము ఇంటియొద్ద ఎంతవరకు సరిచూడగలము?

1. లేబులు వెనుకనున్న చట్టము

మన దేశమున ఇంధన పరిరక్షణ చట్టము 2001లో చేయబడినది. దాని ననుసరించి 2002 మార్చి 1వ తేదీన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్రప్రభుత్వ సంస్థ యేర్పడినది. ఈ సంస్థవారు 2006 మే నెలలో నక్షత్రముల లేబులు పద్ధతిని ప్రారంభించిరి. మొదట నది ఐచ్ఛికము. 2010 జనవరినుండి మంచు గడ్డకట్టని రకపు ఫ్రిజ్జులకు, గదిలో వాడు చలిగాలి యంత్రములకు, ట్యూబులైట్లకు నిర్బంధము చేయబడినది. సీలింగు ఫ్యాన్లకు 2023 జనవరినుండి నిర్బంధమైనది.

నక్షత్రములు ఒకటి మొదలు అయిదువరకు నుండును. ఎక్కువ నక్షత్రములు గల పరికరము అదే పనిని తక్కువ కరెంటుతో చేయునని యర్థము. నక్షత్రములతోపాటు తయారుచేసిన సంస్థ పేరు, మోడలు సంఖ్య, లేబులు ఏ కాలమునకు చెల్లునో తెలుపు సంవత్సరములు, ఫ్రిజ్జుల విషయమున సంవత్సరమునకు ఖర్చగు యూనిట్లు ముద్రింపబడియుండును. ఒక యూనిటు అనగా ఒక కిలోవాటు-గంట. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసినను, వంద వాట్ల పరికరము పది గంటలు పనిచేసినను ఖర్చగునది ఒక్క యూనిటే.

అంగడిలో మనవారు నక్షత్రములను మాత్రమే లెక్కింతురు. సంవత్సరమును చూడరు. ఇది పెద్ద లోపము. ఏలయన, నక్షత్రముల కొలబద్ద కాలానుగుణముగా కఠినమగుచుండును. దీనికి ఫ్యాను మంచి దృష్టాంతము. ఫ్యాను నిమిషమునకు వీచు గాలిని ఘనమీటర్లలో కొలిచి, దానిని అది తీసికొను వాట్లతో భాగింపగా వచ్చు లబ్ధమును బట్టి నక్షత్రముల నిత్తురు. 1200 మిల్లీమీటర్ల సీలింగు ఫ్యానునకు పాత పట్టికలో ఆ లబ్ధము 4.0 వచ్చినచో అయిదు నక్షత్రములు లభించెడివి. ఫ్యాన్లకు లేబులు నిర్బంధమైన 2023నాటి పట్టికలో 4.0 వచ్చినదానికి ఒక్క నక్షత్రమే. అయిదు నక్షత్రములకు 6.0 రావలెను. కావున పాత సరకుపై నున్న అయిదు నక్షత్రములును, కొత్త సరకుపై నున్న అయిదు నక్షత్రములును సమానములు కావు. పాత లేబులు అబద్ధమాడుట లేదు. అది ఆ నాటి కొలతను చెప్పుచున్నది.

2. అంకె ఎట్లు పుట్టును?

లేబులుపై నున్న అంకె ప్రయోగశాలలో పుట్టును. ప్రయోగశాలలో గది యుష్ణోగ్రత, విద్యుత్ వోల్టేజి, పరికరమును ఉంచు విధానము అన్నియు ముందే నిర్ణయింపబడియుండును. అన్ని సంస్థల పరికరములను ఒకే విధమైన నియమములలో పరీక్షించిననే వానిని ఒకదానితో నొకటి పోల్చుటకు వీలగును. పరుగుపందెమున అందరును ఒకే గీతనుండి బయలుదేరవలెను గదా!

ఫ్రిజ్జును పరీక్షించునపుడు తలుపు మూసియుంతురు. మన యింటిలో తలుపు దినమునకు ముప్పది నలుబది మారులు తెరువబడును. చలిగాలి యంత్రమునకు సంవత్సరమున 1600 గంటలు పనిచేయునని యెంచి లేబులుపై లెక్క వేయుదురు. ఒక యంత్రము లేబులుపై సంవత్సరమునకు 800 యూనిట్లని యున్నదనుకొందము. 800ను 1600తో భాగించినచో గంటకు సగటున అర యూనిటు. ఒక కుటుంబమువారు వేసవిలో 90 దినములు, దినమునకు 8 గంటలు వాడినచో మొత్తము 720 గంటలు. ఖర్చు రమారమి 360 యూనిట్లు. వేరొక కుటుంబమువారు 240 దినములు, దినమునకు 10 గంటలు వాడినచో 2400 గంటలు. ఖర్చు రమారమి 1200 యూనిట్లు. ఇరువురి లేబులు ఒక్కటే, ఇరువురి బిల్లులు వేరు. ఇందులో ఏ బిల్లును లేబులును తప్పుపట్టుటకు ఆధారము కాదు.

కావున లేబులు మన యింటి ఖర్చునకు ఇచ్చిన వాగ్దానము కాదు. నిర్ణీత నియమములలో చేసిన కొలత అది. ఈ భేదము తెలియనివారు ఊరక నమ్ముదురు, లేక ఊరక నిందింతురు. రెండును తగవు.

3. ఫ్యానును మీటరుతో సరిచూచుట

ఇప్పుడు ప్రయోగమునకు వత్తము. దీనికి ఇంటి గోడపై నున్న విద్యుత్ మీటరు, సెకనులు చూపు గడియారము, కాగితము, పెన్సిలు చాలును. మీటరును తెరువరాదు, తీగలను తాకరాదు. దూరముగా నిలిచి చూచుటయే మన పని. స్విచ్చులను పెద్దలచేత ఆర్పించుకొనవలెను.

ఎలక్ట్రానిక్ మీటరు ముఖముపై చిన్న యెర్రదీపము మినుకుచుండును. దాని దగ్గర 3200 అనియో, 1600 అనియో ఒక సంఖ్య ముద్రింపబడియుండును. అన్నిమారులు దీపము మినుకునప్పటికి ఒక యూనిటు ఖర్చయినదని దాని యర్థము. తిరుగు పళ్లెము గల పాత మీటరైనచో పళ్లెము ఎన్ని చుట్లు తిరిగిన ఒక యూనిటగునో వ్రాయబడియుండును. లెక్క రెండింటికిని ఒక్కటే.

మొదట ఇంటిలోని అన్ని పరికరములను ఆర్పవలెను. టీవీ, సెల్‌ఫోను ఛార్జరు వంటివానిని ప్లగ్గుల యొద్దనే ఆర్పవలెను. ఫ్రిజ్జును ఈ కొద్ది నిమిషములు ఆపినందున నష్టము లేదు. ప్రయోగము ముగియగానే మరువక మరల వేయవలెను. అన్నియు ఆర్పిన తరువాత దీపము మినుకుట మానవలెను. ఇంకను మినుకుచున్నచో ఎక్కడనో ఏదియో పనిచేయుచున్నదని తెలిసికొని వెదకవలెను.

పిమ్మట పరీక్షింపదలచిన ఫ్యానును మాత్రము పూర్తి వేగమున వేసి, కొన్ని నిమిషములు తిరుగనీయవలెను. తరువాత దీపము ఒకమారు మినుకగానే గడియారమును ప్రారంభించి, ఆ మినుకును సున్నగా లెక్కింపవలెను. దాని తరువాతి మినుకు ఒకటి, అటుపిమ్మటిది రెండు. ఇట్లు పదియవ మినుకు వరకు లెక్కించి గడియారము నాపవలెను. మొదటి మినుకునే ఒకటియని లెక్కించినచో మనకు పది యెడములకు బదులు తొమ్మిది యెడములే దక్కును. ఫలితమున పదింట నొకవంతు తప్పు వచ్చును. పందిరి గుంజలను, గుంజల నడిమి యెడములను లెక్కించునపుడు మీరు నేర్చినదే ఈ జాగ్రత్త.

మీటరుపై 3200 అని యున్నచో పది మినుకులకు ఖర్చయిన శక్తి 3200లో పదవంతులు, అనగా 0.003125 యూనిటు. ఇది 3.125 వాటు-గంటలు. గంటకు 3600 సెకనులు గనుక 11,250 వాటు-సెకనులు. ఈ 11,250ని మనకు పట్టిన సెకనులతో భాగించినచో ఫ్యాను తీసికొను వాట్లు వచ్చును.

పది మినుకులకు 150 సెకనులు పట్టినచో ఫ్యాను 75 వాట్లు తీసికొనుచున్నది. ఇది పాత రకపు ఫ్యాన్లలో సాధారణమైన సంఖ్య. పది మినుకులకు 375 సెకనులు పట్టినచో 30 వాట్లు. ఇది కొత్తరకపు మోటారు గల, ఎక్కువ నక్షత్రముల ఫ్యానునకు తగిన సంఖ్య. రెంటికిని భేదము 45 వాట్లు. దినమునకు 12 గంటల చొప్పున సంవత్సరమున 300 దినములు తిరిగినచో ఈ భేదము 162 యూనిట్లగును. మీ యింటి బిల్లులో చివరి యూనిటునకు పడు ధరతో దీనిని గుణించి, వచ్చిన రూపాయలను ఇంటివారికి చూపుడు.

ప్రయోగమును మూడుమారులు చేసి సగటు తీయవలెను. మన వీథిలో వోల్టేజి ఎచ్చుతగ్గులుగా నున్నచో వాట్లును కొంత మారును. కావున సంధ్యవేళ ఒకమారు, ఉదయము ఒకమారు కొలుచుట మంచిది. కొలత లేబులు సంఖ్యకు నాలుగైదు వంతుల శాతములోపున నున్నచో ఇంటి ప్రయోగమునకు అది సరిపోలినట్లే.

ఇచ్చట ఒక హద్దును మరువరాదు. నక్షత్రముల లబ్ధములో పైన గాలి, క్రింద వాట్లు ఉన్నవి. మనము వాట్లను మాత్రమే కొలిచితిమి. వీచు గాలిని కొలుచుటకు ప్రత్యేకమైన గదియు, సాధనములును వలయును. వాట్లు సరిపోయినంత మాత్రమున లేబులంతయు సరియని చెప్పరాదు. వాట్లు చాల యెక్కువ వచ్చినచో మాత్రము సందేహించుటకు తగిన కారణము దొరకినట్లే.

4. ఫ్రిజ్జును సరిచూచుట

ఫ్రిజ్జు ఫ్యానువలె ఎడతెగక పనిచేయదు. లోన చల్లబడినపుడు కంప్రెసరు ఆగును లేక నెమ్మదించును. వేడెక్కినపుడు మరల పనిచేయును. కావున పది మినుకుల లెక్క దీనికి చాలదు. కొన్ని దినముల మొత్తమును చూడవలెను.

లేబులుపై సంవత్సరమునకు 219 యూనిట్లని యున్నదనుకొందము. 365తో భాగింపగా దినమునకు 0.6 యూనిటు. వారమునకు 4.2 యూనిట్లు. ప్లగ్గునకును ఫ్రిజ్జునకును నడుమ తగిలించు చిన్న మీటర్లు అంగడిలో దొరకును. పాఠశాలకు అట్టిదొకటి యున్నచో విద్యార్థులు వంతులవారీగా ఇంటికి గొనిపోయి వారము దినములు కొలువవచ్చును.

అట్టి మీటరు లేనివారికి మరియొక యుపాయము గలదు. సంక్రాంతికో, ఎండకాలపు సెలవులకో కుటుంబమంతయు తాతగారి యూరికి వెళ్లునపుడు, ఫ్రిజ్జు తప్ప తక్కినవన్నియు ఆర్పి, ఇంటి మీటరు సంఖ్యను దశాంశముతో సహా వ్రాసికొనవలెను. తిరిగి వచ్చినవెంటనే మరల వ్రాసికొనవలెను. వెళ్లిన వేళ, వచ్చిన వేళ కూడ వ్రాయవలెను. ఈ దినములలో తలుపు తెరువబడదు గాన ఇది ప్రయోగశాల పద్ధతికి మిక్కిలి దగ్గరగా నుండును. ఒకటి రెండు దినముల లెక్క చాలదు. అయిదు దినములకు తక్కువ కాకున్న మేలు.

ఇంటిలో వాడుకలో నున్న ఫ్రిజ్జునకు వారమునకు 4.2 బదులు 5.6 యూనిట్లు వచ్చినవనుకొందము. లేబులుకంటె మూడవవంతు అధికము. వెంటనే లేబులు అబద్ధమని అనవచ్చునా? అనరాదు. ముందుగా ఈ క్రింది విషయములను విచారింపవలెను.

ఫ్రిజ్జు వెనుక గోడకును దానికిని గాలియాడు యెడమున్నదా? తలుపు చుట్టునున్న రబ్బరుపట్టీ బిగువుగా నున్నదా? తలుపు సందున ఒక కాగితము నుంచి మూసి లాగినపుడు కాగితము సులభముగా జారివచ్చినచో పట్టీ సడలినదని తెలియవలెను. వేడి అన్నము, వేడి పాలు చల్లారకముందే లోన పెట్టుచున్నారా? ఫ్రిజ్జు పొయ్యిప్రక్కన నున్నదా? కొలిచినది ఏప్రిలు మాసమా, డిసెంబరు మాసమా? ఏప్రిలులో ఒక వారము కొలిచి దానిని 52తో గుణించి సంవత్సరపు లెక్కయనుట న్యాయము కాదు. ఈ లోపములను సవరించి, చల్లని మాసమున మరల కొలిచినను అంకె మిక్కిలి యెక్కువగనే యున్నచో, అప్పుడు సందేహమునకు బలము వచ్చును.

5. లేబులు మోసగించిన సందర్భములు

లేబులును ఎన్నడును సందేహింపరాదని మేము చెప్పుట లేదు. సందేహింపవలసిన సందర్భములు లోకమున జరిగినవి.

2010లో ఆస్ట్రేలియాలోని చాయిస్ అను వినియోగదారుల సంఘమువారు ఒక ప్రసిద్ధ సంస్థ ఫ్రిజ్జులను పరీక్షింపగా ఒక వింత బయటపడినది. రెండు మోడళ్లలో నమర్చిన ఏర్పాటు, గదిలోని స్థితి పరీక్షాశాల స్థితిని పోలియున్నదని గుర్తింపగానే ఫ్రిజ్జును తక్కువ కరెంటు తీసికొనునట్లు మార్చుచుండెను. పరీక్షలో మంచి అంకె వచ్చుచుండెను. ఇంటిలో ఆ లాభము లేదు. పరీక్షాధికారి వచ్చిన దినమున మాత్రము శ్రద్ధగా చదువు విద్యార్థివలె నున్నది ఆ యంత్రము!

ఐరోపాలో జరిగినది వేరు. అచ్చట ఇల్లు ఊడ్చు వాక్యూమ్ క్లీనరులను దుమ్ముసంచి ఖాళీగా నున్నపుడు పరీక్షించి లేబులు నిచ్చుచుండిరి. సంచిలో దుమ్ము నిండినకొలది యంత్రపు పని మారునని, ఖాళీసంచి పరీక్ష వాడుకను ప్రతిబింబింపదని డైసన్ సంస్థవారు న్యాయస్థానమున వాదించిరి. 2018 నవంబరు 8వ తేదీన ఐరోపా సమాఖ్య సాధారణ న్యాయస్థానము ఆ లేబులు నియమావళినే రద్దుచేసినది. ఇందు యంత్రమును దొంగచాటుగ మార్చినవారు లేరు. కొలుచు పద్ధతియే వాడుకకు దూరముగా నున్నదని తేలినది.

మొదటి సందర్భమున పరీక్షను తప్పించుకొనిరి. రెండవదానిలో పరీక్షయే చాలకపోయెను. లేబులు తప్పుటకు ఈ రెండు దారులును గలవని గుర్తుంచుకొనవలెను.

మన దేశమున బ్యూరోవారు అంగడిలోని సరకునుండి నమూనాలు తీసికొని, గుర్తింపుపొందిన స్వతంత్ర ప్రయోగశాలలలో మరల పరీక్ష చేయింతురు. మొదటి నమూనా తప్పినచో రెట్టింపు సంఖ్యలో నమూనాలు తీసికొని రెండవమారు పరీక్షింతురు. ఒక్క పరికరము దోషయుక్తమై యుండవచ్చును గాన, ఒక్కదానినిబట్టి మోడలునంతటిని దోషిగా నిర్ణయింపరు. మన యింటి ప్రయోగమునకును ఈ నీతి వర్తించును.

6. సందేహము కలిగినచో చేయవలసినది

మొట్టమొదట లేబులుపై నున్న మోడలు సంఖ్యను, పరికరము వెనుక అంటించిన రేకుపై నున్న సంఖ్యతో అక్షరమక్షరము పోల్చవలెను. ఒక మోడలు లేబులు వేరొకదానిపై అంటినచో తక్కిన లెక్కయంతయు వ్యర్థము. బ్యూరోవారు లేబులు పొందిన మోడళ్ల జాబితాను అందరికిని అందుబాటులో నుంచినారు. సెల్‌ఫోనులో చూచుకొను ఏర్పాటును గలదు. ఆ జాబితాలోని నక్షత్రములును, మన లేబులుపై నక్షత్రములును ఒక్కటియేనా యని చూడవలెను. ఇది కొనుటకు ముందే అంగడిలో నిలిచి చేయదగిన పని.

తరువాత కొలతల పట్టికను తేదీలతో సిద్ధపరచి, రసీదుతో కలిపి, మొదట అమ్మినవారికిని, పిమ్మట తయారుచేసిన సంస్థకును వ్రాయవలెను. సమాధానము రానిచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచ్చట తెలుగులో సైతము మాటలాడవచ్చును. మనము ఏ రాష్ట్రమున నున్నను ఈ సౌకర్యము మనకు గలదు. "మాకు ఇచ్చటి భాష చక్కగా రాదు, ఎవరికి చెప్పుకొందుము" అని పెద్దలు ఊరకుండనక్కరలేదు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ పిల్లలు ఒక సాయంకాలము పది నిమిషములు ఇంటిలోని దీపములన్నియు ఆర్పుమని కోరినచో విసుగుకొనక సహకరింపుడు. మరుసటి పరికరము కొనునపుడు వారిని వెంట తీసికొనిపోవుడు. నక్షత్రములను వారు లెక్కింతురు. సంవత్సరమును, మోడలు సంఖ్యను, యూనిట్లను కూడ చదివి మీకు తెలుగులో చెప్పుదురు.

అభ్యాసము

1. ఒక మీటరుపై యూనిటునకు 1600 మినుకులని యున్నది. ఒక ఫ్యానుకు పది మినుకులు 450 సెకనులలో వచ్చినవి. ఫ్యాను ఎన్ని వాట్లు తీసికొనుచున్నది?

2. ఒక ఫ్యాను నిమిషమునకు 210 ఘనమీటర్ల గాలిని వీచుచు 42 వాట్లు తీసికొనును. లబ్ధమెంత? 6.0 కావలసినచోట దీనికి అయిదు నక్షత్రములు వచ్చునా?

3. చలిగాలి యంత్రము లేబులుపై 1600 గంటలకు 960 యూనిట్లని యున్నది. సంవత్సరమున 600 గంటలు వాడు కుటుంబమునకు రమారమి ఎన్ని యూనిట్లగును?

4. ఊరికి వెళ్లునపుడు మీటరు 6482.3, సరిగా అయిదు దినముల తరువాత 6485.8. ఫ్రిజ్జు తప్ప వేరేదియు పనిచేయలేదు. దినమునకు సగటెంత? లేబులుపై సంవత్సరమునకు 219 యూనిట్లని యున్నచో, ఫిర్యాదు వ్రాయుటకు ముందు మీరు విచారింపవలసిన మూడు విషయములను వ్రాయుడు.

జవాబులు: 1. 50 వాట్లు. 2. 5.0, రావు. 3. 360 యూనిట్లు. 4. 0.7 యూనిటు, మూడు విషయములను మీ యింటి ఫ్రిజ్జును చూచి వ్రాసి, ఉపాధ్యాయులకు చూపుడు.